అహోబిల మఠ సప్తమ పీఠాధిపతులు శ్రీవణ్ శఠకోప యతీంద్ర మహాదేశికులు

నల్లమల కొండలలో భవనాశినీ తీరమున వెలసిన అహోబిలము నూట యెనిమిది దివ్యదేశములలో నొకటి. తిరుమంగై యాళ్వారు మంగళాశాసనము చేసిన క్షేత్రమిది. నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డనుండి సుమారు 25 కిలోమీటర్లు పోయినచో దిగువ అహోబిలము, అచ్చటినుండి మరి 8 కిలోమీటర్లు అడవిదారిని సాగినచో ఎగువ అహోబిలము చేరవచ్చును. ఎగువ కొండగుహలో ఉగ్రనరసింహస్వామి వేంచేసియున్నాడు. దిగువ విశాలమైన ఆలయమున లక్ష్మీసమేతుడై ప్రహ్లాదవరదుడు దర్శనమొసగుచున్నాడు. హిరణ్యకశిపుని చీల్చిన చేయియే బాలుడైన ప్రహ్లాదుని శిరమున నిలిచినదని ఈ రెండు సన్నిధులు యాత్రికునకు తెలుపుచున్నవి. స్వామి కోపమునకు ఒక అవధి కలదు, కరుణకు లేదు.

ఇట్టి క్షేత్రమునకును ఒకానొక కాలమున యుద్ధభయము తప్పలేదు. 1579లో గోల్కొండ సేనలు అహోబిలముపై బడినవి. సిరిసంపదలు కొల్లపోయినవి. ఐదారేండ్లపాటు క్షేత్రము పరుల వశమున నుండెను. ఆ కష్టకాలమున అహోబిల మఠ పీఠము నధిష్ఠించియున్న మహనీయులు ఏడవ జీయరు శ్రీవణ్ శఠకోప యతీంద్ర మహాదేశికులు. సన్న్యాసికి ఆయుధము పట్టుట ఆశ్రమధర్మము కాదు. కష్టములోనున్న జనమును విడిచి తన మోక్షమును మాత్రమే చూచుకొనుట ఆచార్యధర్మము కాదు. యుద్ధము ఆలయపు వాకిటికి వచ్చినపుడు ఈ రెంటి నడుమ యతి నడువదగిన త్రోవ ఏది? సప్తమ యతీంద్రుల చరిత్ర ఆ త్రోవను చూపుచున్నది.

నామములోని చరిత్ర

అహోబిల మఠమును స్థాపించినవారు ఆదివణ్ శఠకోప యతీంద్రులు. వారి పూర్వాశ్రమ నామము శ్రీనివాసాచార్యులు. జన్మస్థానము మేల్కోట యనబడు తిరునారాయణపురము. కాంచీపురమున ఘటికాశతం అమ్మాళ్ అను ఆచార్యుని సన్నిధిని వేదాంతాధ్యయనము చేయుచుండగా నృసింహస్వామి స్వప్నమున సాక్షాత్కరించి అహోబిలమునకు రమ్మని ఆనతిచ్చెననియు, అచ్చట స్వామియే వృద్ధయతి రూపమున త్రిదండ కాషాయముల నొసగి సన్న్యాసమనుగ్రహించెననియు మఠసంప్రదాయము చెప్పుచున్నది. ఇది 14వ శతాబ్ది చివరిమాట. నవ నారసింహులలో మాలోలుని ఉత్సవమూర్తి ఆ యతీంద్రుల చేతికి వచ్చి, వారి వెంట గ్రామగ్రామమునకు సంచరింప సంకల్పించెనట. నాటినుండి జీయరులు ఎచ్చటికేగినను మాలోలుడు వారి వెంట నుండుట ఆచారమైనది. కొండకు రాలేని వృద్ధులకు, రోగులకు, స్త్రీ బాలురకు స్వామియే ఎదురేగి దర్శనమిచ్చు ఏర్పాటిది.

శఠకోపుడనునది నమ్మాళ్వారుల తిరునామము. వణ్ అను తమిళపదమునకు ఔదార్యము గల అని యర్థము. ఆళ్వారు తిరునగరిలో ఉపద్రవకాలమున కనుమరుగైన నమ్మాళ్వారుల అర్చామూర్తిని ఆది యతీంద్రులు మరల వెలికిదెచ్చి ప్రతిష్ఠించిరనియు, ఆ కైంకర్యమునకు సంతసించి ఆళ్వారు తన నామమునే వారికి ప్రసాదించెననియు పెద్దలందురు. పీఠమెక్కిన ప్రతి జీయరు పేరునకు ముందు ఈ శ్రీవణ్ శఠకోప శబ్దము నిలుచుచున్నది. పోయినది మరల దొరకుననెడి విశ్వాసము, దానిని వెదకి నిలుపవలయుననెడి బాధ్యత ఆ నామములోనే యున్నవి. సప్తమ యతీంద్రులకు ఈ నామము వట్టి బిరుదుగా మిగులలేదు. వారి జీవితకార్యమే అయినది.

పెద్దలు విడిచిన త్రోవ

సప్తమ యతీంద్రులది వేదాంతదేశికుల సంప్రదాయము. ఆ సంప్రదాయమున చేరిన శిష్యుడు శాస్త్రముతోపాటు శ్రీరంగమున జరిగిన ఒక వృత్తాంతమును గూడ వినును. 1323లో ఢిల్లీ సుల్తాను సేనలు శ్రీరంగముపై బడినపుడు, నూరేండ్లు దాటిన పిళ్ళైలోకాచార్యులు కొలదిమంది పరిజనులతో ఉత్సవమూర్తిని అడవిదారిని తరలించిరి. మూలమూర్తికి ముందు గోడ కట్టిరి. ఆచార్యులు ఆ ప్రయాణములోనే, జ్యోతిష్కుడియను చోట పరమపదించిరి. దేశికులు అప్పటికి ఏబదియైదేండ్ల వయస్సువారు. శ్రీభాష్యమునకు వ్యాఖ్యయైన శ్రుతప్రకాశికను రచించిన సుదర్శనసూరి ఆ గ్రంథమును, తన చిన్న కుమారులనిద్దరిని దేశికుల చేతులలో నుంచెను. దేశికులు ఆ రాత్రి పిల్లలతో, గ్రంథముతో మృతకళేబరముల నడుమ కదలక పడియుండి, సేనలు పోయిన పిదప బయటపడి కర్ణాటదేశమున కేగిరని సంప్రదాయము.

శత్రువు తరుముచుండగా దేశికులు కాపాడినవి ఏవి? బంగారము కాదు. తనదికాని ఒక గ్రంథము, తనవారు కాని ఇద్దరు పసివాండ్రు. కన్నవారు చేయవలసిన రక్షణమును, గ్రంథకర్త చేయవలసిన రక్షణమును ఆయన తన తలపైకెత్తుకొనెను. తరువాత శ్రీరంగము మరల వెలుగవలెనని కోరుచు అభీతిస్తవమును రచించెను. అనేక స్థలములు తిరిగిన శ్రీరంగనాథుడు తిరుమలలో గూడ కొంతకాలముండెను. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపము ఆ కాలమునకు గుర్తు. 1371లో విజయనగర సేనాని గోపనార్యుడు స్వామిని శ్రీరంగమునకు వేంచేయింపజేసెను. నడుమ గడచినవి 48 ఏండ్లు. ఒక తరము దర్శనము లేకుండగనే ముగిసినది. అయినను ఆశ విడువబడలేదు. తండ్రి చూడని ఉత్సవమును గూర్చి తండ్రియే కొడుకునకు చెప్పెను. ఆ చెప్పుటచేతనే నలుబదియెనిమిదేండ్ల పిమ్మట ఉత్సవము ఎట్లు జరుపవలయునో తెలిసినవారుండిరి.

అహోబిల మఠమునందు సప్తమ యతీంద్రులకు పూర్వము పీఠముననున్నవారు షష్ఠ పరాంకుశ యతీంద్ర మహాదేశికులు. వారు ఎగువ అహోబిలమున ఉగ్రనరసింహుని గుహలో ప్రవేశించి నేటికిని లోపల స్వామిని ఆరాధించుచున్నారని భక్తుల విశ్వాసము. గుహద్వారము మూతపడెను. మాలోలుని పెట్టె, త్రిదండము, శిష్యకోటి, ఆలయభారము బయటనున్న శిష్యుని వంతైనవి. గురువు లోపల, లోకము వెలుపల. సప్తమ యతీంద్రుల పీఠారోహణమిట్టిది.

విజయనగర వైభవము

ఆ కాలమునకు అహోబిలము విజయనగర ప్రభువుల ఆదరమున పెంపొందియుండెను. కళింగ దండయాత్రా కాలమున శ్రీకృష్ణదేవరాయలు 1515 డిసెంబరులో స్వామిని దర్శించి కంఠహారమును, రత్నఖచితములైన కడియములను, బంగారు పళ్లెరమును, వేయి వరహాలను సమర్పించెను. చాగలమఱ్ఱి సీమలోని మద్దూరు గ్రామమును స్వామి కైంకర్యమునకు ధారపోసెను. ఈ దానమును తెలుపు శాసనము అహోబిలముననే కలదు. రాయల ఆస్థానకవి అల్లసాని పెద్దన శఠకోపయతిని తన గురువుగా చెప్పుకొనెను. రాజులకు, కవులకు ఈ పీఠముపై గల గౌరవమునకు ఇది యొక సాక్ష్యము.

నాటి ఆలయమన్నచో అర్చకుల నివాసము మాత్రమే కాదు. గ్రామముల పంటలో నొక భాగము స్వామి ధాన్యాగారమునకు వచ్చును. అది నైవేద్యమై, ప్రసాదమై, రామానుజకూటములలో బాటసారులకు భోజనమగును. పూలతోట పెంచువారు, కుండలు చేయు కుమ్మరులు, చాకలివారు, మేళగాండ్రు, వడ్రంగులు, దివిటీలు పట్టువారు అందరును ఆ ఆలయపు గింజనే తినువారు. వేదపారాయణము చేయువారికి, దివ్యప్రబంధము చదువువారికి అచ్చటనే వృత్తులు. కావున ఆలయమున నిత్యారాధనము నిలిచినదన్నచో అర్థము ఒకటే: ఇన్ని యిండ్లలో పొయ్యి వెలుగలేదు. అహోబిలమునకు వచ్చిన ఆపదను తూచునపుడు పోయిన నగలకంటె ముందుగా లెక్కింపదగినది ఇది.

ఆపద

1565 జనవరిలో జరిగిన మహాయుద్ధమున దక్కను సుల్తానులు ఒక్కటై విజయనగరమును ఓడించిరి. అళియ రామరాయలు కూలెను. అతని సోదరుడు తిరుమలరాయలు రాజధానిని పెనుగొండకు మార్చెను. తిరుమలరాయల కుమారుడు శ్రీరంగరాయలు 1572లో రాజ్యమునకు వచ్చెను. కాని ఉత్తరపు సరిహద్దు ప్రతి సంవత్సరము క్రుంగుచునే యుండెను. బీజాపురము ఒకవైపు, గోల్కొండ మరియొకవైపు ఒత్తుచుండెను. కొండవీడు, వినుకొండ వంటి దుర్గములు చేజారినవి. ఈ సంధికాలమున, 1579లో, గోల్కొండ సేన అహోబిలమునకు వచ్చెను.

ఈ దండయాత్రను నేటి భక్తులు రెండు మతముల పోరుగా తలచుట సహజము. కాని జరిగిన విషయమును చూచినచో చిత్రము వేరుగా నున్నది. గోల్కొండ సేనను నడపినవాడు మురహరిరావు అను బ్రాహ్మణ సేనాని. అతనికి తోడుపడినవారు హండె వంశపు నాయకులు. వారును హిందువులే, మునుపు విజయనగరమునకు కొలువుచేసినవారే. గోల్కొండ ప్రభువు ఇబ్రహీం కుతుబ్ షా యౌవనమున అన్న భయముచేత పారివచ్చి, 1543 మొదలుకొని ఏడేండ్లు విజయనగరముననే రామరాయల అండను తలదాచుకొనినవాడు. తెలుగు మాటలాడి, తెలుగు కవుల నాదరించినవాడు. కవులు అతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అతనికే అంకితమిచ్చెను. అట్టివాని సేనయే నరసింహుని వాకిట నిలిచినది. రాజ్యకాంక్ష మనుజుని పట్టినపుడు తిన్న యన్నము, నేర్చిన భాష, పుట్టిన కులము ఏవియు అడ్డురావు. యుద్ధమునందు భయంకరమైన విషయము ఇదియే. శత్రువు రాక్షసుడై పుట్టి వచ్చుట అరుదు; నిన్నటి అతిథియు, పొరుగువాడును నేడు శత్రువై వచ్చుటయే తఱచు.

మఱుసటి సంవత్సరమే, 1580లో, ఇబ్రహీం కుతుబ్ షా మరణించెను. అతని కుమారుడు మహమ్మద్ కులీ సింహాసనమెక్కెను. ప్రభువు పోయెను గాని అహోబిలమునకు విడుదల రాలేదు. యుద్ధమును ఆరంభించుటకు ఒకరు చాలుదురు. అది తనంతట ఆగుటకు ఆ ఒకరు పోవుట చాలదు.

ఐదారేండ్లు

ఆళ్లగడ్డ సీమ ప్రజలకు ఆ ఐదారేండ్లు సుదీర్ఘమైనవి. ఐదేండ్ల పిల్లవాడు స్వామి బ్రహ్మోత్సవమును ఎరుగకయే ఎదిగి యుండును. అట్టి కాలమున ఆచార్యస్థానముననున్నవారికి రెండు ప్రమాదములు కలవు. ఒకటి నిరాశ: ఇక ఏమియు జరుగదని మౌనము వహించుట. రెండవది ద్వేషము: జరిగినదానికి బదులుగా ఎవరినో నాశనము చేయవలెనను తలంపుతో బ్రదుకుట. మొదటిదానిచేత ధర్మము చచ్చును. రెండవదానిచేత ధర్మమును పట్టుకొనిన మనిషి చచ్చును.

ఈ రెండింటికిని సంప్రదాయమునందే మందు కలదు. వేదాంతదేశికులు శరణాగతికి ఐదు అంగములను నిరూపించిరి. భగవంతునికి అనుకూలముగా నడువ సంకల్పించుట మొదటిది. అతనికి ప్రతికూలమైనదానిని విడుచుట రెండవది. అతడు తప్పక రక్షించునని మహావిశ్వాసము మూడవది. రక్షింపుమని నోరువిడిచి వేడుట నాలుగవది. నాకు వేరు గతిలేదను దైన్యము ఐదవది. సర్వప్రాణులును భగవంతుని శరీరమే గనుక, ప్రాణులయెడ అనుకూల్యమే మొదటి అంగమనియు, ఎవ్వరికిని కీడు తలపెట్టకుండుటయే రెండవ అంగమనియు పెద్దలు వివరించిరి.

ఈ క్రమమును గమనింపవలెను. మహావిశ్వాసమే మనము ఆశయని పిలుచునది. అది మూడవ మెట్టు. పరుల మేలు కోరుట, కీడు విడుచుట అను రెండు మెట్లెక్కనిదే అది కాలికందదు. పగతో నిండిన మనస్సున ఆశ నిలువదు; నిలిచినట్లు కనబడునది పంతము మాత్రమే. ఇక విశ్వాసమున్నది గదా యని ఊరకుండుటకును వీలులేదు. దాని తరువాతి మెట్టు అడుగుట. రక్షింపగలవాని యెదుట నిలిచి రక్షింపుమని అడుగుటకు జంకినవాని విశ్వాసము ఇంకను పండలేదన్నమాట. శిష్యులకు ఈ పాఠమును చెప్పు పీఠమున కూర్చున్నవారు, దానిని తమ బ్రదుకున నడపి చూపవలసిన సమయము వచ్చెను.

విన్నపము

సప్తమ యతీంద్రులు శ్రీరంగరాయలకు విన్నపము చేసిరి. క్షేత్రమునకు పట్టిన దురవస్థను తెలిపి, స్వామి కైంకర్యమును మరల నిలుపవలెనని కోరిరి. అహోబిలములోని శక 1506 తారణ సంవత్సర శాసనము, అనగా 1584-85 నాటిది, ఈ వృత్తాంతమును తెలుపుచున్నది.

ఆ సమయమున శ్రీరంగరాయలు బలవంతుడైన చక్రవర్తి కాడు. తండ్రి యిచ్చిన రాజ్యములో సగము జారిపోయినది. సామంతులలో ఎవరు నిలుతురో ఎవరు మారుదురో తెలియదు. అట్టి ప్రభువును, పోయిన దుర్గములను విడిచి అడవిలోని ఒక ఆలయమునకై సేనను పంపుమని అడుగుట సామాన్యమైన విషయము కాదు. సంపదలోనున్న రాజునొద్దకు ఎవ్వరైనను పోవుదురు. తానే దిక్కుతోచక యున్న రాజునొద్దకు పోయి, నీవలన కాగల ధర్మకార్యము ఇంకను ఒకటి కలదని చెప్పుట ఆచార్యునకే తగినది. ఆ విన్నపము ఆలయమునకు మేలుచేసినది. రాజునకును తన రాజధర్మమును జ్ఞప్తికి తెచ్చినది.

రాయలు ఆ కార్యమును కొండ్రాజు వేంకటరాజునకును, తిరుమలరాజునకును అప్పగించెను. వారు సేనలతో వచ్చి హండె నాయకులను, గోల్కొండ బలమును తొలగించి క్షేత్రమును మరల స్వాధీనము చేసికొనిరి. ఆలయమున ఉభయవేదాంతాచార్యులకు పూర్వమునుండి గల అధికారములు మరల నెలకొనినవి. ఉభయవేదాంతమనగా సంస్కృత వేదమును, ద్రావిడ దివ్యప్రబంధమును సమానముగ ప్రమాణములుగా గొనునట్టిది. ఆ రెండు ఘోషలు స్వామి ముందును వెనుకను మరల నడచినవి.

గెలిచిన పక్షము గెలుపుతరువాత ఏమి కోరినదో చూచినచో దాని మనస్సు తెలియును. యతీంద్రుల విన్నపమునుండి ఫలించినది ఆరాధనము, అధ్యయనము, పరంపరాగతమైన మర్యాద. ఎవరి గ్రామము కాల్చబడవలెనని గాని, ఎవరి సంతతి శిక్షింపబడవలెనని గాని అందులో లేదు. పోయిన దీపమును వెలిగించుటకు కావలసినంత బలమునే వారు వేడిరి. యుద్ధమును నడుపుట రాజు వంతు. దాని ప్రయోజనము ఎచ్చట ముగియవలెనో చెప్పుట ఆచార్యుని వంతు. ఆ హద్దు చెరుగలేదు.

శ్రీరంగరాయలు మఱి యేడాది తిరుగకుండగనే స్వర్గస్థుడయ్యెను. అతని తమ్ముడు వేంకటపతిరాయలు 1586లో రాజ్యమునకు వచ్చెను. సామ్రాజ్యము ఆ తరువాత ఏడెనిమిది దశాబ్దములలో కథగా మిగిలెను. విజయనగరపు కోటలు నేడు గడ్డిమొలచి యున్నవి. అహోబిలమున మాత్రము తిరువారాధనము జరుగుచునే యున్నది.

చెంచుల అల్లుడు

సప్తమ యతీంద్రులు శాస్త్రపండితులు మాత్రమే కారు, కవులు. వాసంతికాపరిణయమను ఐదంకముల సంస్కృతనాటకము వారి కృతి. అందలి నాయకుడు సాక్షాత్తు అహోబిల నరసింహుడు. నాయిక అడవిలో పుట్టిపెరిగిన చెంచుకన్య వాసంతిక. వేటకు వెడలిన స్వామి ఆమెను వలచి పెండ్లాడుట కథ.

మఠాధిపతియైన సన్న్యాసి నాటకమునకు పూనుకొనుటయే అరుదు. అందునను, ఏ రాజకన్యను గాక నల్లమల చెంచుగూడెపు పడతిని లక్ష్మీస్థానమున నిలుపుట మఱింత గమనింపదగినది. అహోబిలపు అడవియందు తరతరములుగా నివసించువారు చెంచులు. కొండదారులు, ఊటలు, గుహలు వారికి తెలిసినట్లు మఱియొకరికి తెలియవు. చెంచులక్ష్మి తమ ఆడుబిడ్డయనియు, నరసింహుడు తమ అల్లుడనియు వారి విశ్వాసము. గూడెములో పాటగా నున్న ఆ విశ్వాసమును యతీంద్రులు సంస్కృతరంగమున కెత్తి, పండితసభలకు వినిపించిరి. పరుడని తలపబడువానిని బంధువుగా చూపుట ఆ నాటకపు హృదయము. నిన్నటి కొలువువారు నేటి శత్రువులైన కాలమది. అట్టి కాలపు పీఠాధిపతి, అడవివారికిని అగ్రహారమువారికిని స్వామి పెండ్లిచేత చుట్టరికము కలిపెను. శత్రుత్వము పెంచు మాటలు ఏ కాలమునందైనను చౌకగనే దొరకును. చుట్టరికము కలుపు మాట యొక్కటి చెప్పుటకు ఇట్టివారు పుట్టవలెను.

ఆ చుట్టరికము నేటికిని ఆళ్లగడ్డ పల్లెలలో నడచుచున్నది. ప్రతి సంవత్సరము సంక్రాంతి పండుగల వేళ ప్రారంభమగు పారువేట ఉత్సవమున జ్వాలానరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకిలో వెడలి, నలుబది దినములకు పైగా ముప్పదికి పైబడిన గ్రామములలో సంచరింతురు. ఫాల్గుణమాసమున జరుగనున్న తన కల్యాణమునకు స్వామి తానే ఇంటింటికి వచ్చి పిలుచుచున్నాడని ప్రజలు భావింతురు. చెంచులు విల్లంబులతో ఎదురేగుదురు. బోయీలు పల్లకి మోయుదురు. ఊరి నడుమనున్న తిన్నెపై స్వామి విడిది చేయును. ఆ దినమున ఆ యూరికి పండుగ. మొక్కులు చెల్లించువారిలో కులభేదము కానరాదు. 1579 తరువాత మూతపడిన వాకిళ్లను తలచుకొని ఈ ఉత్సవమును చూచినవానికి, మరల తెరువబడిన తలుపు విలువ యేమో తెలియును.

ప్రహ్లాదుని వరము

దిగువ అహోబిలమున స్వామి ప్రహ్లాదునకు వరమిచ్చినవాడై యున్నాడు. ఆ బాలుడు కోరిన వరములను భాగవతము వినువారెల్లరును ఎరుగుదురు. కోరికయే తన హృదయమున పుట్టకుండునట్లు అనుగ్రహింపుమనెను. తనను నిప్పులలోను, ఏనుగుల కాళ్లక్రిందను, విషములోను త్రోయించిన తండ్రికి దోషము తొలగి పావనుడగునట్లు చేయుమని వేడెను. దీనులను విడిచి తానొక్కడు ముక్తి పొంద నొల్లననెను. తనను బాధించినవాడు రక్తముతో తడిసి యెదుట పడియుండగా, అతని మేలుకోరుటకు నోరువచ్చుట మనుష్యులలో ఎందరికి సాధ్యము? అయినను అహోబిలమునకు పోయిన ప్రతి భక్తుడును శిరసువంచునది ఆ వరమిచ్చిన చేతి క్రిందనే.

సప్తమ యతీంద్రులు ఆ సన్నిధిని కొలిచినవారు. ఆ సన్నిధి తనచేతినుండి పోయినపుడు నిరాశపడలేదు. దానిని అడిగి తెచ్చుకొనుటకు సిగ్గుపడలేదు. తెచ్చుకొనిన పిదప పగను దానిలో ప్రతిష్ఠింపలేదు. తమకు ముందు దేశికులు శవముల నడుమ పసివాండ్రను గుండెకు హత్తుకొని గడపిన రాత్రివంటిదే తమకును వచ్చెను. అది ఐదారేండ్ల రాత్రి. తెల్లవారువరకు వారు కాపాడిన దానినే తరువాతి జీయరులు తరతరములుగా చేతినుండి చేతికి అందించుచు వచ్చిరి.

నేడును లోకమున యుద్ధములు నడచుచునే యున్నవి. ఆలయములు, బడులు, ఆసుపత్రులు కూలుచున్నవన్న వార్త వినని దినము లేదు. దూరదేశమున జరుగుదానికి మనమేమి చేయగలమని గృహస్థులు నిట్టూర్తురు. తన యింటిలో సంధ్యాదీపము వెలిగించునపుడు, దీపములేని యింటివారిని గూడ తలచుట ఎవరికైనను సాధ్యమే. ఆపదలోనున్నవానికొరకు, అధికారము గలవానినొద్దకు పోయి అడుగుట సాధ్యమే. కీడుచేసినవాని బిడ్డకు కీడు తలపెట్టకుండుట సాధ్యమే. శరణాగతి అంగములు ఇంతకంటె వేరు కావు.

అహోబిలయాత్రకు పోవు భక్తులు దిగువ ఆలయమున ప్రహ్లాదవరదుని సేవించి తీర్థము, శఠారి స్వీకరించునపుడు, ఐదారేండ్లు ఆ తీర్థమునకు, ఆ శఠారికి దూరమైన మన పూర్వులను ఒక్క క్షణము తలపవలెను. శఠారి యనునది స్వామి పాదుకలు, శఠకోపుడన్నను అదియే. ఆ పాదుకలు మరల మన శిరములపైకి రావలెనని ఓర్పుతో నిలిచి, రాజు వాకిట అడిగి, తెచ్చి నిలిపిన మహనీయుల నామమును ఆ పాదుకలే మోయుచున్నవి. శ్రీలక్ష్మీనృసింహుడు సర్వలోకములకు అభయమొసగుగాక.